చెంపదెబ్బకు ఒక చెయ్యి చాలు

"రెండు చేతులూ కలిస్తేనే కదండీ చప్పుడు!"

పిల్లల గొడవ విషయమై బడికి వెళ్ళిన తల్లిదండ్రులకు ప్రధానోపాధ్యాయుల గదిలో తరచుగా వినిపించే మాట ఇది. ఇద్దరినీ ఒకే కంటితో చూస్తున్నట్టు, వినడానికి న్యాయంగానే ఉంటుంది. కానీ ఆ సామెత చప్పట్లకు వర్తిస్తుంది. చెంపదెబ్బకు ఒక చెయ్యి చాలు. ఈ తేడాను మన పాఠశాలలు గుర్తించకపోవడం వల్ల ఎందరు పిల్లలు చేయని తప్పుకు క్షమాపణ రాసి ఇస్తున్నారో ఆలోచించవలసిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాము.

కొన్ని నెలల క్రితం ఒక తండ్రి మా వద్దకు వచ్చారు. ఆయన లారీల బాడీ కట్టే షెడ్డులో పనిచేస్తారు. కుమారుడు ఒక ప్రైవేటు పాఠశాలలో ఏడో తరగతి చదువుతున్నాడు. ఊరి పేరూ బడి పేరూ ఇక్కడ అవసరం లేదు. ఆ అబ్బాయి టిఫిన్ డబ్బాను తోటి విద్యార్థులు నలుగురు మూడు నెలలుగా దాచిపెడుతున్నారు. మూత తీసి వాసన చూసి, ఇది ఏ మాంసమని అడుగుతున్నారు. క్రికెట్ మ్యాచ్ జరిగిన మర్నాడల్లా 'మీ జట్టు ఓడిపోయిందిగా' అంటున్నారు. చివరికి పేరు పెట్టి పిలవడం మానేసి 'పాకిస్తాన్' అని పిలవడం మొదలుపెట్టారు. అబ్బాయి తరగతి ఉపాధ్యాయినికి రెండుసార్లు చెప్పాడు. 'సరదాకి అంటారులే, పట్టించుకోకు' అని రెండుసార్లూ ఒకే జవాబు వచ్చింది. ఇంట్లో తల్లికి చెబితే 'జానే దో బేటా, సబర్ కర్' అన్నారు ఆమె. ఒకరోజు మధ్యాహ్న విరామంలో డబ్బా మళ్ళీ మాయమైంది. అబ్బాయి చేతిలో ఉన్న స్టీలు నీళ్ళ సీసాతో ఎదుటివాడి నుదుటిపై కొట్టాడు. రెండు కుట్లు పడ్డాయి.

సాయంత్రానికి ఇద్దరి తండ్రులనూ పిలిపించారు. విచారణ పది నిమిషాల్లో ముగిసింది. ఇద్దరికీ మూడేసి రోజుల సస్పెన్షన్, ఇద్దరి నుంచీ క్షమాపణ పత్రాలు. సమాన న్యాయం జరిగిందన్నారు. అయితే ఈ తండ్రికి మాత్రం అదనంగా ఒక సలహా ఇచ్చారు: ఏడాది చివర టీసీ తీసుకుని వెళితే అందరికీ మంచిదని. ఆ గదిలో మూడు నెలల మాట ఎవరూ ఎత్తలేదు. ఒక రోజు కూలి వదులుకుని వచ్చిన ఆ మనిషి, ఏం చేయాలో తోచక, అందరి ఎదుటా కొడుకును కొట్టారు. "ఎందుకు కొట్టావురా అని నేనూ అడగలేదండీ" అని మాతో చెప్పి, తరవాత చాలాసేపు మాట్లాడలేకపోయారు.

నుదుటిపై కుట్లు పడిన పిల్లవాడి గాయాన్ని మేము చిన్నది చేయడం లేదు. వాడూ పిల్లవాడే. ఇనుప సీసాతో తలపై కొట్టడం తప్పే, ఆ తప్పును ఆ అబ్బాయికి వివరించి చెప్పవలసిందే. మా అభ్యంతరం ఒక్కటే: బడి చివరి దెబ్బను మాత్రమే చూసింది. దానికి ముందు జరిగిన మూడు నెలలను చూడలేదు. చూడవలసిన బాధ్యత తనదని కూడా అనుకోలేదు.

గొడవ వేరు, వేధింపు వేరు

బంతి కోసమో బెంచీలో చోటు కోసమో ఇద్దరు సమ ఉజ్జీలు కలబడితే అది గొడవ. మర్నాటికి ఇద్దరూ కలిసి తింటారు. ఇంగ్లీషులో బుల్లీయింగ్ అని పిలుస్తున్న వేధింపు అలాంటిది కాదు. 1970ల నుంచి స్కాండినేవియా దేశాల పాఠశాలల్లో ఈ విషయంపై పరిశోధించిన మనస్తత్వవేత్త డాన్ ఓల్వేయస్ దీనికి మూడు గుర్తులు చెప్పారు. కావాలని బాధ పెట్టడం, పదే పదే చేయడం, బాధపెట్టేవారికీ బాధపడేవారికీ మధ్య బలంలో తేడా ఉండటం. బలమంటే కండబలమే కానక్కరలేదు. నలుగురు ఒకవైపు, ఒక్కడు మరోవైపు ఉన్నా బలంలో తేడాయే. తరగతిలో యాభై మంది ఉండి, ఒక మతానికి చెందినవారు ఇద్దరే ఉన్నా తేడాయే.

ఈ మూడు గుర్తులూ ఉన్నచోట ఇద్దరికీ సమాన శిక్ష వేయడం సమానత్వం కాదు. అసమానులను సమానంగా దండించడం బలవంతుడి పక్షాన నిలబడటమే. అమెరికా పాఠశాలల్లో 1990ల నుంచి 'జీరో టాలరెన్స్' పేరుతో, సందర్భంతో నిమిత్తం లేకుండా కఠినంగా శిక్షించే విధానం విస్తరించింది. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నియమించిన నిపుణుల బృందం దానిని సమీక్షించి 2008లో నివేదిక ప్రచురించింది. ఆ విధానం వల్ల పాఠశాలలు మరింత సురక్షితమయ్యాయనడానికి ఆధారాలు లేవని, బడి నుంచి వెలివేతకు గురవుతున్నవారిలో నల్లజాతి పిల్లలు తమ సంఖ్యకు మించి ఉన్నారని అది పేర్కొంది. కళ్ళు మూసుకుని వేసే సమాన శిక్ష ఎవరి మీద ఎక్కువ పడుతుందో అక్కడి అనుభవమే చెబుతోంది.

మన దేశపు చట్టానికి ఈ విచక్షణ ఉంది. భారతీయ న్యాయ సంహితలోని 34 నుంచి 44 వరకు ఉన్న సెక్షన్లు ఆత్మరక్షణ హక్కును గుర్తించాయి. అంతకుముందు భారత శిక్షాస్మృతిలోనూ 96 నుంచి 106 వరకు అదే హక్కు ఉండేది. తనపై జరిగే దాడిని అడ్డుకోవడానికి చేసిన పని నేరం కాదు. అయితే అవసరానికి మించిన హాని చేయకూడదన్న హద్దు కూడా అదే చట్టంలో ఉంది. పెద్దల విషయంలో న్యాయస్థానం ముందుగా అడిగే ప్రశ్నను పిల్లల విషయంలో బడి అడగనే అడగదు: మొదట చెయ్యి చేసుకున్నది ఎవరు, రెండోవాడికి వేరే దారి ఉందా?

దివ్య ఖుర్ఆన్ 42వ సూరాలో అన్యాయానికి గురై ఎదురు నిలిచినవారిపై నింద లేదన్న మాటా, క్షమించి సర్దుకునేవారికి దైవం వద్ద ప్రతిఫలం ఉందన్న మాటా పక్కపక్కనే ఉన్నాయి. క్షమ గొప్పదే. కానీ క్షమించడం బాధితుడి ఇష్టంతో జరగాలి. ప్రధానోపాధ్యాయుడు కాగితం ముందు పెట్టి సంతకం చేయించుకునేది క్షమ కాదు.

మన పిల్లలు చెల్లించే రెండో మూల్యం

వేధింపులు ఏ పిల్లలకైనా జరుగుతాయి. లావుగా ఉన్నవారికి, నత్తి ఉన్నవారికి, నల్లగా ఉన్నవారికి, దళిత పిల్లలకు, ఆదివాసీ పిల్లలకు. ఈ జాబితాలో మన పిల్లలకు వచ్చే అదనపు చిక్కు ఒకటి ఉంది. ఎదురు తిరిగిన మరో పిల్లవాడిని 'కోపిష్టి' అంటారు. మన పిల్లవాడు ఎదురు తిరిగితే ఆ కోపం అతని ఒక్కడిదిగా మిగలదు, జాతి మొత్తానికి అంటగడతారు. 'వాళ్ళంతా అంతే' అనే మాట ఆ రోజు స్టాఫ్ రూములో కాకపోయినా ఎవరో ఒకరి ఇంట్లో వినబడుతుంది. ఇది తెలిసే మన తల్లులు సబర్ చేయమంటారు. మౌనంగా ఉంటే వేధింపు, ఎదిరిస్తే ముద్ర. అమ్మా పెట్టదు, అడుక్కునీ తిననివ్వదు అన్నట్టుగా, బడి తాను కాపాడదు, పిల్లవాడిని కాపాడుకోనివ్వదు.

ఇది పేదల బస్తీలకే పరిమితమైన సమస్య కాదు. నాజియా ఇరమ్ 12 నగరాల్లో 145 ముస్లిం కుటుంబాలతో మాట్లాడి 'మదరింగ్ ఎ ముస్లిం' పుస్తకం రాశారు. పేరున్న ఖరీదైన పాఠశాలల్లో చదివే పిల్లలు సైతం మతం పేరిట హేళనకు, దూషణకు గురవుతున్న వైనం అందులో వెలుగుచూసింది. మరోవైపు 6 నుంచి 14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడిలో చేరనివారో, మధ్యలో మానేసినవారో అని సచార్ కమిటీ 2006లో లెక్క చెప్పింది. దానికి పేదరికం సహా అనేక కారణాలున్నాయి. కానీ బడికి వెళ్ళగలిగిన పిల్లవాడు కూడా అవమానం భరించలేక మానేస్తే, ఆ నష్టాన్ని ఏ ఉపకారవేతనమూ పూడ్చలేదు.

2023 ఆగస్టులో ఉత్తరప్రదేశ్‌లోని ముజఫర్‌నగర్ జిల్లా ఖుబ్బాపూర్ గ్రామంలో జరిగిన సంఘటన మన పాఠకులకు గుర్తుండే ఉంటుంది. ఎక్కాలు సరిగా రాలేదని ఏడేళ్ళ ముస్లిం బాలుడిని నిలబెట్టి, తోటి పిల్లల చేత ఒకరి తరవాత ఒకరుగా ఉపాధ్యాయిని కొట్టించిన వీడియో దేశాన్ని కలచివేసింది. తన ఉద్దేశం మతపరమైనది కాదని ఆమె అన్నారు. తుషార్ గాంధీ వేసిన పిటిషన్‌పై 2023 సెప్టెంబరు 25న విచారణ జరిపిన సుప్రీంకోర్టు, ఒక మతానికి చెందినవాడన్న కారణంతో విద్యార్థిని శిక్షిస్తే అక్కడ నాణ్యమైన విద్యకు తావు లేదన్న భావాన్ని గట్టిగా వ్యక్తం చేసింది. పోలీసులు తొలి నివేదికలో మతపరమైన ఆరోపణను వదిలేసిన తీరునూ తప్పుపట్టింది.

ఆ కేసులో తక్కువగా చర్చకు వచ్చిన అంశం ఒకటి ఉంది. దెబ్బలు తిన్న బాలుడికే కాక, కొట్టిన పిల్లలకు కూడా నిపుణుల చేత కౌన్సెలింగ్ ఇప్పించాలని న్యాయస్థానం ఆదేశించింది. మేము దీనిని చాలా విలువైన మాటగా భావిస్తున్నాము. కొట్టిన చేతులూ పసి చేతులే. వాటికి ఆ పని నేర్పింది పెద్దలు. 'పాకిస్తాన్' అని పిలిచే పదకొండేళ్ళ పిల్లవాడు ఆ మాటను పాఠ్యపుస్తకంలో చదవలేదు. ఇంట్లోని టీవీలోనో, పెద్దల మాటల్లోనో, ఫోనులోనో విన్నాడు. మాట నేర్పినవారిని వదిలి పిల్లవాడిని మాత్రమే దండిస్తే సమస్య మరో తరగతి గదికి మారుతుంది, అంతే.

చెప్పుకోలేని ఆడపిల్లలు

మగపిల్లవాడు సీసా ఎత్తితే కనీసం విచారణ అయినా జరుగుతుంది. ఆడపిల్ల విషయంలో అదీ జరగదు. స్కార్ఫ్ లాగినా, వెనక నుంచి మాటలు విసిరినా ఆమె ఇంట్లో చెప్పదు. ఎందుకు చెప్పదో మనందరికీ తెలుసు. చెబితే ఆగేది వేధింపు కాదు, చదువు. 'ఇక బడి చాలు' అని తండ్రి అంటాడని, తొమ్మిదో తరగతిలో మానేసిన అక్కను చూసి ఆమెకు తెలుసు. మన ఇళ్ళలో మాట బయటపెట్టిన పిల్లకే శిక్ష పడుతున్నంత కాలం బడిని ప్రశ్నించే నైతిక బలం మనకు సగమే ఉంటుంది.

మన అద్దంలో మనం

మరో సగం గురించి కూడా నిజాయితీగా మాట్లాడుకోవాలి. మన సొంత యాజమాన్యంలోని పాఠశాలల్లో, హాస్టళ్ళలో, మదర్సాల్లో చిన్న పిల్లలను పెద్ద పిల్లలు ఏడిపించడం లేదా? ఉర్దూ రాని దూదేకుల, నూర్‌బాషా పిల్లలను 'నువ్వేం ముసల్మానువి' అని ఎగతాళి చేసే నోళ్ళు మన పిల్లలవి కావా? దర్జీ కొడుకు, కసాయి కొడుకు అంటూ తండ్రి వృత్తితో పిలిచేది ఎవరు? విద్యాహక్కు చట్టం మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. చట్టం నుంచి వచ్చిన ఆ మినహాయింపు బాధ్యత నుంచి వచ్చిన మినహాయింపు కాదు. బయటి బడిలో మన పిల్లవాడికి ఏ న్యాయం కోరుతున్నామో, మన బడిలో దూదేకుల పిల్లవాడికి ముందుగా అదే న్యాయం అందాలి. పీడితుడికే కాదు, పీడించేవాడి చెయ్యి పట్టి ఆపడం ద్వారా అతనికీ సాయపడాలన్నది దైవప్రవక్త (స) బోధ. ఆ బోధ మొదట మన ప్రాంగణాల్లోనే అమలు కావాలి.

బడి చేయవలసింది

యాభై మంది ఉన్న తరగతిని ఒక్కరే నడిపించే ఉపాధ్యాయులు ప్రతి గొడవకూ న్యాయస్థానం నడపలేరన్నది నిజమే. మేము కోరుతున్నది న్యాయస్థానం కాదు. ఒక రిజిస్టరు, కొంచెం ఓపిక. పిల్లవాడు మొదటిసారి వచ్చి చెప్పిన రోజే తేదీ వేసి రెండు వాక్యాలు రాసి పెట్టుకుంటే చాలు. మూడోసారికి అది సరదా కాదని ఆ పుస్తకమే చెబుతుంది.

గొడవ జరిగాక ఇద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టి అడగకూడదు. బలవంతుడి ఎదుట బలహీనుడు నోరు విప్పడు. విడివిడిగా పిలవాలి. ఆ రోజు సంగతితో ఆపకుండా గడిచిన వారాల సంగతీ అడగాలి. చుట్టూ నిలబడి చూసిన పిల్లలను కూడా విడిగా అడగాలి. ఫిన్లాండ్‌లో టుర్కు విశ్వవిద్యాలయం రూపొందించిన 'కివా' కార్యక్రమం ప్రధానంగా ఆధారపడింది ఈ చూసే పిల్లలపైనే. నవ్వేవారు లేకపోతే ఏడిపించేవాడికి ఉత్సాహం ఉండదు. పక్కన నిలబడే ఒక్క స్నేహితుడుంటే బాధితుడికి సీసా ఎత్తవలసిన అవసరం రాదు.

ఎదురుదెబ్బలన్నిటినీ ఒకే గాటన కట్టకూడదు. పట్టుకున్న చేతులు విడిపించుకోవడానికి తోసిన పిల్లవాడు వేరు. నెలల తరబడి భరించి ఒకరోజు అదుపు తప్పినవాడు వేరు. మర్నాడు స్నేహితులను వెంటబెట్టుకుని గేటు బయట కాపు కాసినవాడు వేరు. మొదటివాడికి శిక్ష అక్కరలేదు. రెండోవాడికి 'నీ కోపం అర్థమైంది, నీవు ఎంచుకున్న దారి తప్పు, నీ ఫిర్యాదు ముందే వినకపోవడం మా తప్పు' అని చెప్పే పెద్దలు కావాలి. మూడోవాడిని గట్టిగానే మందలించాలి. ముగ్గురి చేతా ఒకే క్షమాపణ పత్రం రాయించడం విద్య కాదు.

టీసీ బెదిరింపు విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. విద్యాహక్కు చట్టం సెక్షన్ 16 ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యే వరకు ఏ బాలుడినీ బడి నుంచి బహిష్కరించరాదు. సెక్షన్ 17 శారీరక శిక్షనే కాక మానసిక వేధింపునూ నిషేధించింది. చిన్న గొడవలను పోలీసు స్టేషను దాకా తీసుకెళ్ళడమూ సరికాదు. హేయమైన నేరాలు, పెద్దలతో కలిసి చేసిన నేరాలు మినహా బాలలపై ఎఫ్ఐఆర్ నమోదు చేయరాదని 2016 నాటి జువెనైల్ జస్టిస్ నమూనా నియమాలు చెబుతున్నాయి. బాలుడిని లాకప్‌లో ఉంచడానికి వీల్లేదు. సీబీఎస్ఈ సైతం వేధింపుల నివారణకు కమిటీలు ఏర్పాటు చేయాలని 2015లోనే తన పాఠశాలలకు మార్గదర్శకాలు పంపింది. మీ పిల్లల బడిలో ఆ కమిటీ ఉందో లేదో, సభ్యులెవరో అడగండి.

ఇల్లు చేయవలసింది

మన ఇళ్ళలో పిల్లలకు రెండే సలహాలు దొరుకుతున్నాయి. తల్లి 'జానే దో' అంటుంది. తండ్రి 'మార్ ఖాకే నక్కో ఆ' అంటాడు. దెబ్బలు తిని రావద్దన్న తండ్రి మాట విని సీసా ఎత్తితే రేపు అదే తండ్రి అందరి ముందూ కొడతాడు. ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఉంది. అది పిల్లవాడు ఒంటరిగా నడిచే దారి కాదు, ఇల్లు తోడుగా నడిచే దారి.

పిల్లవాడు చెప్పినప్పుడు ముందు పూర్తిగా వినాలి. ఎవరు, ఎప్పుడు, ఏ మాట అన్నారో తేదీలతో ఒక నోటుపుస్తకంలో రాయాలి. దాన్ని నోటిమాటగా కాక లిఖితపూర్వక ఫిర్యాదుగా బడికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. వారంలో స్పందన లేకపోతే మండల విద్యాధికారికి, ఆపైన జిల్లా విద్యాధికారికి రాయాలి. సెక్షన్ 32 కింద వచ్చిన ఫిర్యాదును స్థానిక అధికార సంస్థ మూడు నెలల్లో పరిష్కరించాలి. రాష్ట్ర బాలల హక్కుల కమిషన్లకు ఆపైన వినే అధికారం ఉంది. అత్యవసరమైతే 1098కి ఫోన్ చేయవచ్చు. ప్రభుత్వ, ఎయిడెడ్ పాఠశాలల యాజమాన్య కమిటీల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సభ్యుల్లో సగం మంది స్త్రీలు కావాలని చట్టం నిర్దేశించింది. ఆ కుర్చీల్లో మన తల్లులు ఎందరు కూర్చున్నారు? సమావేశానికి వెళ్ళకుండా అన్యాయమని వాపోవడం మనకూ అలవాటైపోయింది.

కార్యకర్తలకు ఒక విన్నపం. పిల్లవాడి ఏడుపు వీడియో చేతికి రాగానే పది గ్రూపుల్లో పెట్టకండి. బాలల గుర్తింపును బయటపెట్టడాన్ని జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 74 నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ ముఖం ఆ పిల్లవాడు పెద్దయ్యాక కూడా ఫోన్లలో తిరుగుతూనే ఉంటుంది. సంఘటనను బయటపెట్టండి, పిల్లవాడిని కాదు.

మా వద్దకు వచ్చిన ఆ తండ్రి తరవాత సెక్షన్ 16 ప్రతిని తీసుకుని బడికి వెళ్ళారు. టీసీ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అబ్బాయి అదే బడిలో ఎనిమిదో తరగతికి వచ్చాడు. కానీ వాడి ఫైలులో ఆ క్షమాపణ పత్రం ఇంకా ఉంది. నేను తోటి విద్యార్థిని కొట్టాను, ఇకపై ఇలా చేయనని అందులో రాసి ఉంది. అది అబద్ధం కాదు, సగం నిజం. మిగతా సగాన్ని, అంటే ఆ మూడు నెలలనూ తేదీలతో మరో కాగితంపై రాసి అదే ఫైలులో చేర్చమని తండ్రి అర్జీ పెట్టారు. బడి ఇంకా జవాబివ్వలేదు. ఆయన ప్రతి నెలా వెళ్ళి అడుగుతూనే ఉన్నారు. ఈసారి వెళ్ళేటప్పుడు అబ్బాయిని కూడా వెంట తీసుకెళతానన్నారు. ఆ గదిలో కొడుకు పక్కన నిలబడటం ఆయన బాకీ పడ్డారట.